అటక మీద దొరికిన అమెరికా రికార్డ్ ప్లేయర్, మరాంట్జ్ రిసీవర్: ప్లగ్గు పెట్టవచ్చా?

(ఆన్‌లైన్ చర్చ. ప్రతి మాటల ముందు ఉన్నది అది రాసిన సభ్యుడు పెట్టుకున్న పేరు.)

అరండల్‌పేట అటక

అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో మా తాతగారి ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చేశాం. సామాను ఖాళీ చేస్తుంటే అటక మీద ఇత్తడి గుండిగల వెనక, బొంతల కింద నాలుగు పెట్టెలు దొరికాయి. మా పెదనాన్నగారు ఇక్కడే వైద్యం చదివి అమెరికా వెళ్లి, 1970ల చివర్లో తిరిగి వచ్చినప్పుడు ఓడలో వేయించిన సామాను అది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు.

ఒక పెట్టెలో రికార్డ్ ప్లేయర్. కింద ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ) అని, ఎక్స్‌ఏ అని ఉంది. రెండో దానిలో మరాంట్జ్ రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయరు కలిసిన పెట్టె), ముందు పలక బంగారు రంగు, ఇప్పటికీ తళతళలాడుతోంది. మిగిలిన రెండింటిలో రెండు బరువైన చెక్క స్పీకర్లు. విడిగా ఒక ట్రంకు నిండా రికార్డులు, కొన్ని ఎల్‌పీలు, కొన్ని అంతకంటే పాతవి, బరువుగా ఉన్నాయి.

రిసీవర్ ప్లగ్గుకు రెండు చదును కాళ్లు ఉన్నాయి. మా బావమరిది సాయంత్రం అడాప్టర్ తెచ్చి ఆన్ చేద్దామంటున్నాడు. చేయవచ్చా?

డిమ్మర్‌స్టాట్

వద్దు. బావమరిదికి కాఫీ ఇచ్చి పంపించండి.

చదును కాళ్ల ప్లగ్గు అంటే అమెరికా సరుకు. అక్కడి కరెంటు 120 వోల్టులు, సెకనుకు 60 సైకిళ్లు (హెర్ట్జ్). మన గోడలో వచ్చేది 230 వోల్టులు, 50 సైకిళ్లు. అడాప్టర్ కాళ్ల ఆకారాన్ని మారుస్తుంది గాని వోల్టులను మార్చదు. దాన్ని పెట్టి స్విచ్ వేస్తే ఫ్యూజు పోవడం మీ అదృష్టం. ఫ్యూజు స్థానంలో ఎవరైనా ఏనాడో రాగి తీగ చుట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ దొరకదు.

రిసీవర్ వెనక పలక మీద ఏమి రాసి ఉందో చూడండి. కొన్ని ఎగుమతి మోడళ్లకు వోల్టేజి మార్చుకునే వీలు ఉంటుంది. లేకపోతే వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. 500 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) సామర్థ్యం ఉన్నది తీసుకోండి. బజారులో చేతిలో పట్టేంత తేలికైన కన్వర్టర్లు అమ్ముతారు, వాటి జోలికి పోకండి. అవి హెయిర్ డ్రయర్ల కోసం చేసినవి. కరెంటు తరంగాన్ని ముక్కలు ముక్కలుగా కోసి ఇస్తాయి. ఇనుము, రాగి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎత్తితే చేయి లాగాలి.

అంతవరకు మూత విప్పి లోపల ఫోటోలు తీసి పెట్టండి. దుమ్ము తుడవకండి, ముందు చూడాలి.

ఒక్క ప్రశ్న

ఇవన్నీ అమ్మితే ఎంత వస్తుంది? ఈ కాలంలో అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు ఇంతకంటే గట్టిగా మోగుతుంది కదా.

వన్‌టౌన్ మైక్‌సెట్

గట్టిగా మోగడమే కావాలంటే మా దుకాణానికి రండి, గణపతి నవరాత్రులకు అద్దెకిచ్చే పెట్టెలు ఉన్నాయి. విజయవాడ వన్‌టౌన్‌లో మోగిస్తే కొండ మీద అమ్మవారికి వినపడుతుంది.

అరండల్‌పేట అటక

అమ్మే ఉద్దేశం లేదండి. పెదనాన్నగారి పిల్లలు అక్కడే ఉండిపోయారు, వాళ్లు కూడా బాగు చేయించి నీ దగ్గరే ఉంచుకో అన్నారు.

డిమ్మర్‌స్టాట్ గారూ, వెనక పలక మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది, మార్చే స్విచ్ లేదు. మూత విప్పాను. లోపల బల్లి గుడ్ల పెంకులు, ఒక మూల కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెద్ద డబ్బాలు రెండు ఉన్నాయి. వాటి పైభాగం ఉబ్బలేదు. ఒకచోట తీగ పైతొడుగు ఎలుక కొరికినట్టుంది, లోపలి రాగి కనపడుతోంది. ఫోటోలు పెట్టాను.

రికార్డ్ ప్లేయర్ పళ్లెం ఎత్తితే బెల్టు కరిగిన బెల్లం పాకంలా చక్రానికి అంటుకుపోయి ఉంది.

డిమ్మర్‌స్టాట్

ఫోటోలు చూశాను. బాగానే ఉంది. ఆ పెద్ద డబ్బాలు ఫిల్టర్ కెపాసిటర్లు. మా తరం మెకానిక్కులు కండెన్సర్లు అనేవారు. కరెంటు పెట్టి ఎన్నో ఏళ్లయింది కాబట్టి ఇప్పుడు వాటిలో ఏమీ ఉండదు, కానీ ఒక్కసారి ఆన్ చేశాక మాత్రం ప్లగ్గు తీసినా కాసేపు అవి నిండుగానే ఉంటాయి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి నిప్పురవ్వలు తెప్పించే వాళ్లను చూసి నేర్చుకోకండి. 100 ఓములు, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి రెండు కాళ్ల మధ్య పెట్టి, మీటరులో సున్నా చూసిన తర్వాతే చెయ్యి పెట్టండి.

ఎలుక మూత్రం పడిన చోట బోర్డు మీది రాగి పచ్చబడుతుంది. తీగ కొరికిన చోటి నుంచి కింద బోర్డు దాకా టార్చి వేసి వెతకండి. పచ్చదనం కనపడితే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, పాత టూత్ బ్రష్షుతో తుడవండి. మట్టి గూడును తడపకుండా పొడిగానే ఊడదీయండి.

ఇక మొదటిసారి కరెంటు ఇవ్వడం. నా దగ్గర వోల్టులను కొద్దికొద్దిగా పెంచే డిమ్మర్‌స్టాట్ ఉంది, మీకు అవసరం లేదు. మీ వీధిలో ఏ ఎలక్ట్రీషియన్‌ను అడిగినా సిరీస్ బోర్డు ఇస్తాడు, అంటే కరెంటు ముందు ఒక బల్బు గుండా పోయి తర్వాత సామానుకు చేరే బోర్డు. దానిలో పాతకాలపు ఫిలమెంట్ బల్బు, 60 వాట్లది పెట్టండి. ఎల్‌ఈడీ పనికిరాదు. వరుస ఇది: గోడ, తర్వాత సిరీస్ బోర్డు, తర్వాత స్టెప్‌డౌన్, చివరన రిసీవర్. స్పీకర్లు తగిలించకూడదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మందగిస్తే లోపల షార్టు లేదని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి. ఆ బల్బు తాగిన కరెంటంతా లేకపోతే మీ రిసీవర్ తాగి ఉండేది.

శ్రుతిపెట్టె

బ్రాడీపేట నుంచి నమస్కారం. నేను సంగీతం టీచరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ ట్రంకులో ఏమున్నాయో చెప్పలేదు, నాకు దాని మీదే దృష్టి.

బాబూ, ఆ బరువైన పాత రికార్డులు 78 స్పీడువి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. పగిలితే పెంకులా విరుగుతాయి. వాటిని లక్కతో చేసేవారు, చెట్ల మీద లక్కపురుగు పెట్టే ఆ లక్కే. పైన మాస్టారు బోర్డులు తుడవడానికి ఆల్కహాలు చెప్పారు. దయచేసి ఆ సీసాను రికార్డుల దగ్గరికి తేకండి. లక్క ఆల్కహాలులో కరుగుతుంది, ఒక్క తుడుపుతో గీతలన్నీ పోతాయి. 78లకు స్వేద జలం, దానిలో ఒక చుక్క పాత్రలు తోమే సబ్బు ద్రవం, మెత్తటి ముఖమల్ గుడ్డ చాలు. తుడిచి నీడన ఆరబెట్టాలి. మధ్య లేబులు తడవకూడదు.

ఇంకో మాట. మీ ఏఆర్ మిషను మీద 78లు ఆడవు. దానికి 33, 45 మాత్రమే ఉన్నాయి. స్పీడు ఉన్నా ముల్లు సరిపోదు. ఎల్‌పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు, 78కి దాదాపు 65 నుంచి 75 మైక్రాన్ల మొన ఉండాలి. సన్న ముల్లు ఆ వెడల్పు గాడి అడుగున పడి గరగరమంటుంది.

ఎల్‌పీలు నిలువుగా ఉన్నాయా, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయా? గుంటూరు ఎండకు అటక మీద ఎన్ని వేసవులు గడిచాయో మరి.

అరండల్‌పేట అటక

నిలువుగానే ఉన్నాయి టీచరుగారూ. కాస్త బూజు పట్టింది గాని వంకర పోలేదు. ఎక్కువ భాగం సినిమా పాటలు, ఘంటసాల గారివి చాలా ఉన్నాయి, కొన్ని కర్ణాటక కచేరీలు. లేబుళ్ల మీద డమ్‌డమ్ అని ఉంది.

శ్రుతిపెట్టె

అది కలకత్తా పక్కన ఉన్న గ్రామఫోన్ కంపెనీ కర్మాగారం. మన తెలుగు రికార్డులు అక్కడే అచ్చయి రైలెక్కి వచ్చేవి. జాగ్రత్తగా పెట్టుకోండి.

ఆటోనగర్ లేత్

ఇంతవరకు వోల్టుల గురించే మాట్లాడారు. అసలు చిక్కు రికార్డ్ ప్లేయర్‌తో ఉంది. స్టెప్‌డౌన్ పెడితే 230ని 110 చేస్తుంది గాని 50 సైకిళ్లను 60 చేయదు. ఆ ఏఆర్ మోటారు సింక్రనస్ రకం. వోల్టులతో దానికి పనిలేదు, సైకిళ్లను బట్టి తిరుగుతుంది. అమెరికాలో నిమిషానికి 300 చుట్లు తిరిగేది ఇక్కడ 250 చుట్లే తిరుగుతుంది. అంటే 33⅓ తిరగాల్సిన పళ్లెం 27.8 మాత్రమే తిరుగుతుంది.

శ్రుతిపెట్టె

అయ్యో, అది వినడం కూడా కష్టమే. లెక్క వేస్తే మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది. షడ్జం ఉండాల్సిన చోట మంద్రస్థాయి చతుశ్రుతి ధైవతం పలుకుతుంది. తంబురా కూడా దానితోపాటే దిగుతుంది కాబట్టి పాట అపశ్రుతి కాదు. అందుకే కొందరు ఏళ్ల తరబడి అలాగే వింటూ ‘పాత రికార్డు కదా, గొంతు కాస్త బరువుగా ఉంది’ అనుకుంటారు. ఇరవై నిమిషాల పక్క ఇరవై నాలుగు నిమిషాలు సాగుతుంది. సుశీల గారి గొంతు అలా వింటే నాకు కన్నీళ్లు వస్తాయి, బాధతో.

ఒక్క ప్రశ్న

ఎవరూ గుర్తుపట్టనప్పుడు ఇబ్బంది ఏమిటి?

శ్రుతిపెట్టె

నేను గుర్తుపడతాను.

డిమ్మర్‌స్టాట్

లేత్ గారు చెప్పింది నిజం. దీనికి రెండు దారులు. నాకు నచ్చేది ఎలక్ట్రానిక్ దారి. 60 సైకిళ్ల సైన్ తరంగాన్ని చిన్న ఆసిలేటర్‌తో పుట్టించి, 10 వాట్ల ఆంప్లిఫయర్‌తో పెంచి, ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరగేసి పెట్టి 110 వోల్టులకు తీసుకువెళ్లి మోటారుకు ఇవ్వాలి. మోటారుకు కావలసింది కొద్ది వాట్లే. పాత సరుకును ముట్టుకోనక్కర్లేదు. పైగా నాబ్ తిప్పి స్పీడు సన్నగా సరిచేసుకోవచ్చు.

ఆటోనగర్ లేత్

మాస్టారూ, మీకు అది చేతి పని. గుంటూరులో ఈ అబ్బాయికి అది చేసి ఇచ్చేది ఎవరు? చేసినా, అది పాడైన రోజున మళ్లీ ఎవరిని వెతకాలి? మోటారు ఇరుసు మీది పుల్లీ మారిస్తే సరి. యూరప్‌కు పంపినవాటికి ఆ కంపెనీయే పెద్ద పుల్లీ వేసింది. మోటారు ఆరింట అయిదు వంతులు తిరుగుతుంది కాబట్టి పుల్లీ అయిదింట ఆరు వంతులు కావాలి. ఇత్తడి కడ్డీ ముక్క, లేత్ మీద ఒక పూట పని. పాత పుల్లీని కాగితంలో చుట్టి దాచుకుంటే ఎప్పుడైనా తిరిగి వేసుకోవచ్చు. ఇందులో పాత సరుకుకు జరిగే హాని ఏమీ లేదు.

డిమ్మర్‌స్టాట్

పుల్లీ మధ్యకు చిల్లు సరిగ్గా లేకపోతే ప్రతి చుట్టుకూ శ్రుతి ఊగుతుంది. సైకిళ్ల తప్పు స్థిరంగా ఉంటుంది, ఊగిసలాట మాత్రం చెవిని కొరుకుతుంది. ఆటోనగర్‌లో లారీ షాఫ్టులు తిప్పే లేత్ మీద ఆ పని అవుతుందా?

ఆటోనగర్ లేత్

లారీ ఇంజను పని చేసేవాడికి కొలత తెలియదని ఎవరు చెప్పారండీ మీకు? పిస్టను, సిలిండరు మధ్య సందును మేము మిల్లీమీటరులో వందో వంతు లెక్కన చూస్తాం.

పద్ధతి చెబుతాను, మీరే చూడండి. బయటి వ్యాసం ముందు తీసి, ముక్కను విప్పి, తిప్పి పట్టి చిల్లు వేస్తే సెంటర్ పోతుంది. ఒకే పట్టులో ముందు సన్న డ్రిల్లుతో చిల్లు, తర్వాత రీమర్‌తో (చిల్లును కొలతకు నునుపు చేసే పనిముట్టు) ఇరుసు కొలతకు సరిగ్గా, చక్ (ముక్కను పట్టే బిగింపు) విప్పకుండానే బయటి వ్యాసం, ఆ తర్వాతే కోసి తీయాలి. ఊగిసలాట చూపే డయల్ గేజ్ పెడితే దాని ముల్లు కదలకూడదు. పుల్లీని ఇరుసుకు పట్టించే గ్రబ్ స్క్రూ బిగించినప్పుడు పుల్లీ ఒక పక్కకు నెట్టుకుంటుంది, అందుకే చిల్లు బిగువుగా ఉండాలి. వదులుగా చేసి స్క్రూతో పట్టించడం చేతకాని పని. ఇంకా, ఆ పుల్లీ మెట్టు చదునుగా ఉండదు, మధ్యలో రవ్వంత ఉబ్బెత్తుగా ఉంటుంది. బెల్టు జారకుండా మధ్యలో నిలబడేది దాని వల్లే. చాలామంది దాన్ని అరుగుదల అనుకొని చదును చేస్తారు.

అబ్బాయీ, పాత పుల్లీతోపాటు మోటారు కూడా తీసుకుని రండి. పుల్లీ ఒక్కటే తెస్తే ఇరుసు కొలత ఊహించాలి.

డిమ్మర్‌స్టాట్

పద్ధతి బాగుంది. ఒప్పుకుంటున్నాను. ఒక్క లెక్క మాత్రం చేర్చండి. పుల్లీ వ్యాసాన్ని నేరుగా 1.2తో గుణిస్తే స్పీడు కొంచెం తగ్గుతుంది. బెల్టుకు మందం ఉంది కదా. లెక్కకు వచ్చేది బెల్టు మందం సగం దగ్గరి వ్యాసం, అంటే పుల్లీ వ్యాసానికి బెల్టు మందం కలపాలి. ఉదాహరణకు పాత పుల్లీ 20 మిల్లీమీటర్లు, బెల్టు 0.6 అనుకుందాం. 20.6ను 1.2తో గుణిస్తే 24.72. దానిలోంచి 0.6 తీసేస్తే 24.12. నేరుగా గుణిస్తే 24 వచ్చేది. తేడా చిన్నదే, అర శాతానికి లోపు. కానీ టీచరుగారు గుర్తుపడతారు.

పుల్లీ పెద్దదవుతుంది కాబట్టి లోపలి పళ్లానికి తగులుతుందేమో ముందే సందు కొలవండి. బెల్టు కూడా కొంచెం పొడుగు కావాలి. ఎలాగూ కొత్తదే వేయాలి కదా. అంటుకున్న పాత రబ్బరును మాత్రం ఆల్కహాలుతోనే తీయాలి, గోటితో గీకితే చక్రం మీద గాట్లు పడతాయి.

మోటారుకు కూడా 110 వోల్టులు దాటనివ్వకండి. 60 సైకిళ్ల మోటారు 50 మీద కాస్త ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. 100 ఇచ్చే స్టెప్‌డౌన్ దొరికితే ఇంకా మంచిది.

సింగ్‌నగర్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చినప్పుడు నా స్పీకర్ పెట్టెలు కింద ఉండిపోయాయి. ఆంప్లిఫయరును మంచం మీదికి, మంచం మునిగేలోపు అటక మీదికి ఎక్కించగలిగాను. పెట్టెలు మాత్రం మునిగాయి. ఎండబెట్టాను గాని కింది పలకలు ఉబ్బిపోయాయి. కోనులు (కదిలి శబ్దం పుట్టించే గరాటు భాగాలు) కాగితంవి, బురద గీత ఉంది. వాటిని బాగు చేయవచ్చా?

వన్‌టౌన్ మైక్‌సెట్

సింగ్‌నగర్ గారూ, ఆ వారం మా దుకాణానికి వచ్చినవన్నీ అలాంటివే. చెక్కపొట్టు పలక నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ అణగదు. పెట్టెలు వదిలేయండి. అదే లోపలి కొలతలతో, అంటే లోపలి ఘనపరిమాణం మారకుండా, ప్లైవుడ్‌తో వడ్రంగి చేత కొట్టించండి. స్పీకరు యూనిట్లు విప్పి, కోనును రెండు చేతుల వేళ్లతో సమంగా లోపలికి నొక్కి వదలండి. గరగర వినపడితే అయస్కాంతం సందులో తుప్పో బురదో చేరింది. రీకోనింగ్, అంటే కోను మార్చడం, చేయాలి. గరగర లేకపోతే మీటరు పెట్టి ఓములు చూడండి, 8 ఓముల స్పీకరుకు 6, 7 మధ్య చూపిస్తుంది.

ఇక అరండల్‌పేట వారి స్పీకర్లు. ముందు గుడ్డ తీసి చూశారా? కోను చుట్టూ ఉండే అంచు గుడ్డదా, రబ్బరుదా, ఫోమా?

అరండల్‌పేట అటక

ఫోము అనుకుంటాను. అనుకుంటాను అంటే, ముట్టుకోగానే పొడి పొడిగా రాలిపోయింది.

వన్‌టౌన్ మైక్‌సెట్

అయితే ఫోమే. మన తేమకు దాని ఆయుష్షు అంతే, వాడినా వాడకపోయినా. కోనులు బాగుంటే భయం లేదు.

ఒక హెచ్చరిక. రీకోనింగ్ దుకాణాలు చాలావరకు మాలాంటి మైక్‌సెట్ పనికి అలవాటు పడినవి. ఫోము పోయిందని తెస్తే గట్టి గుడ్డ అంచు వేసి పంపిస్తాం, అది పెద్ద పందిళ్లలో పదేళ్లు ఆగుతుంది. మీవి గాలి చొరబడని పెట్టెలు. లోపల బిగిసి ఉన్న గాలే కోనుకు స్ప్రింగు. ఎడ్గర్ విల్చర్ 1950లలో కనిపెట్టిన పద్ధతి అది, మీ రికార్డ్ ప్లేయరును రూపొందించింది కూడా ఆయనే. అలాంటి కోనుకు గట్టి అంచు వేస్తే కిందిస్వరాలు పోతాయి. మృదంగం తొప్పి మోగదు. ఫోము రింగే వేయాలి, అదీ కొలిచి తెప్పించాలి. కోను వ్యాసం, ఫోము లోపలి అంచు, బయటి అంచు, బుడిపె వెడల్పు, ఈ నాలుగు రాసి పంపండి.

అతికించడానికి తెల్ల జిగురు వాడతాం. తొందరగా పట్టే జిగురు వాడితే కోను పక్కకు కూర్చున్నా సరిచేసే వీలుండదు. ఆరేలోపు 30 సైకిళ్ల శబ్దం మెల్లగా ఇచ్చి, రాపిడి లేకుండా మధ్యకు తెస్తాం. చివరన ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్ తగిలించి చూస్తాం. ప్లస్‌కు ప్లస్ ముట్టిస్తే రెండు కోనులూ ముందుకే రావాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వస్తే వాటి మధ్య కూర్చున్నవాడికి గాయకుడు ఎక్కడున్నాడో తెలియదు.

ఒక్క ప్రశ్న

నేను అమ్మమని అడిగినందుకు ఇక సిగ్గుపడుతున్నాను గాని, ఇదంతా పూర్తయ్యేసరికి ఖర్చు ఎంత?

వన్‌టౌన్ మైక్‌సెట్

మీ బ్లూటూత్ స్పీకరు కంటే ఎక్కువ, కొత్తగా ఇలాంటి సెట్టు కొనే ధర కంటే చాలా తక్కువ.

అరండల్‌పేట అటక

అందరికీ ఇప్పటివరకు జరిగింది చెబుతాను.

ఎలుక కొరికిన తీగ మార్చాను. సిరీస్ బోర్డు మా వీధి ఎలక్ట్రీషియన్ ఇచ్చాడు. ఫిలమెంట్ బల్బు కోసం పట్నంబజారు దాకా వెళ్లాల్సి వచ్చింది. స్విచ్ వేయగానే బల్బు వెలిగి తగ్గింది. రిసీవర్ డయల్ నీలంగా వెలిగింది, రెండు బల్బులు తప్ప. ఎఫ్ఎం కూడా పలికింది, ఇయర్ ఫోనులో విన్నాను.

స్పీకరు కాళ్ల దగ్గర డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కొలవమని డిమ్మర్‌స్టాట్ గారు విడిగా చెప్పారు. ఎడమ 18 మిల్లీవోల్టులు, కుడి 410.

డిమ్మర్‌స్టాట్

ఎడమ బాగుంది. 50 లోపు ఉంటే చాలు. కుడివైపు స్పీకరు తగిలించకండి. ఇన్‌పుట్ దగ్గరి జంట ట్రాన్సిస్టర్లలో ఒకటి దారి తప్పింది. జంటను కలిపే మార్చాలి, రెండింటి గెయిను (సంకేతాన్ని పెంచే శక్తి) మీటరుతో చూసి దగ్గరగా ఉన్నవి ఏరుకోవాలి. ఈ లోపు కెపాసిటర్లన్నీ ఒక్కసారిగా పీకి కొత్తవి వేయమని ఎవరైనా చెబితే వినకండి. అలా చేసి ఎక్కడో ఒకటి తలకిందులుగా వేస్తే, పాత లోపం ఏదో కొత్త లోపం ఏదో తేలదు. ఒకటి తీసి, ఒకటి వేసి, ఆన్ చేసి చూసి, తర్వాతిది. అదే విలువ, వోల్టులు సమానంగా గాని ఎక్కువగా గాని, 105 డిగ్రీల వేడి తట్టే రకం.

నాబ్ తిప్పితే గరగరమంటుందా? కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఒక ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే అందులో కొట్టకూడదు.

ఎఫ్ఎం గురించి ఒకటి. అది అమెరికా రిసీవర్, డీ-ఎంఫసిస్ (స్టేషను పెంచి పంపే పైస్వరాలను మళ్లీ తగ్గించే సర్దుబాటు) 75 మైక్రోసెకన్లకు ఉంటుంది. మన దేశంలో 50. అందువల్ల ఇక్కడి స్టేషన్లు దానిలో పైస్వరాల్లో దాదాపు 3 డెసిబెల్స్ తక్కువగా, కాస్త దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. ట్యూనర్ బోర్డులో రెండు చిన్న కెపాసిటర్లు మారిస్తే పోతుంది. తొందరేమీ లేదు, ట్రెబుల్ నాబ్ ఉంది కదా.

అరండల్‌పేట అటక

మాస్టారూ, జంట ట్రాన్సిస్టర్లు వేశాక కుడి 22కి వచ్చింది. వన్‌టౌన్ నుంచి స్పీకర్లు వచ్చాయి. పెన్సిల్ సెల్ పరీక్ష నా ముందే చేసి చూపించారు.

ఆటోనగర్ పుల్లీ కూడా చేతికి వచ్చింది. చూసుకుంటే ముచ్చటగా ఉంది. ముల్లు పాతది వంగిపోయింది, కొత్తది తెప్పించి వేశాను.

డిమ్మర్‌స్టాట్

స్పీడు చూశారా? 180 గీతల స్ట్రోబ్ కాగితం పెట్టాలి, స్పీడు సరిగ్గా ఉంటే ట్యూబ్‌లైటు కింద దాని గీతలు నిలబడినట్టు కనపడతాయి. అమెరికా కాగితం మీద 216 ఉంటాయి, అది ఇక్కడ అబద్ధం చెబుతుంది. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు కింద చూడండి, ఎల్‌ఈడీ కింద సరిగ్గా కనపడకపోవచ్చు.

అరండల్‌పేట అటక

చూశాను. వంటింట్లో పాత ట్యూబ్‌లైటు ఒకటి మిగిలింది కాబట్టి రికార్డ్ ప్లేయర్‌ను అక్కడికే మోసుకెళ్లాం. గీతలు నిలబడ్డాయి. చాలాసేపు చూస్తే ఒకటీ రెండూ ముందుకు జరుగుతున్నాయి, అంతే.

ఆటోనగర్ లేత్

నిమిషానికి ఒకటీ రెండా? బెల్టు లెక్క వేయకుండా తిప్పి ఉంటే నిమిషానికి ముప్పై గీతల దాకా వెనక్కి పోయేవి. మాస్టారికి దండం.

డిమ్మర్‌స్టాట్

నాకెందుకు, రీమర్ మీది. అయితే స్ట్రోబ్ చెప్పేది ఒక్కటే, పుల్లీ కొలత సరిపోయిందని. గ్రిడ్ సైకిళ్లు 49.90 నుంచి 50.05 మధ్య అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. ట్యూబ్‌లైటూ మోటారూ రెండూ ఆ కరెంటుతోనే నడుస్తాయి కాబట్టి ఆ తేడా స్ట్రోబ్‌లో కనపడదు. అదే నా ఆసిలేటర్ అయితే...

ఆటోనగర్ లేత్

వచ్చేశారు మళ్లీ ఆసిలేటర్‌కు.

శ్రుతిపెట్టె

నిన్న సాయంత్రం వెళ్లి విన్నాను. శ్రుతిపెట్టె పట్టుకుని వెళ్లాను, పేరు పెట్టుకున్నందుకు. నా దగ్గర అదే రికార్డు ఉంది, దాని శ్రుతి నాకు తెలుసు. సరిగ్గా కూర్చుంది. ఊగిసలాట కోసం వీణ రికార్డు పెట్టించాను, సాగే నాదంలో దాక్కోవడానికి చోటుండదు. ఎక్కడా వణకలేదు. ఎడమ పక్క స్పీకరులో పైస్వరాలు కాస్త తక్కువ అనిపించాయి.

వన్‌టౌన్ మైక్‌సెట్

పెట్టె వెనక ట్వీటరుకు (పైస్వరాలు పలికే చిన్న స్పీకరు) చిన్న నాబ్ ఉంటుంది చూడండి. ఏళ్ల తరబడి కదలక తుప్పు పట్టి ఉంటుంది. దాన్నీ క్లీనరుతో తిప్పాలి. నేనే చూసి ఉండాల్సింది అనుకోకండి, నాకు పంపింది కోను యూనిట్లే, పెట్టెలు పంపలేదు.

అరండల్‌పేట అటక

తిప్పాను, సరిపోయింది.

లేత్ గారూ, పుల్లీ మీద 45 మెట్టు కూడా తీశారు గాని దాన్ని పరీక్షించడానికి మా ట్రంకులో 45 రికార్డు ఒక్కటీ లేదు.

శ్రుతిపెట్టె

నా దగ్గర ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకెళ్లండి. తిరిగి ఇచ్చేటప్పుడు కవరుతో సహా ఇవ్వాలి.

సింగ్‌నగర్

వన్‌టౌన్ గారూ, నా యూనిట్లలో ఒకటి గరగరమంటోంది, ఒకటి బాగుంది. రేపు రెండూ తెస్తున్నాను. వడ్రంగికి లోపలి కొలతలు ఇచ్చేశాను.